గీత గీసేముందు పడవలు ఎటు పోతాయో అడగండి

ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ, మత్స్యశాఖ ఉన్నతాధికారులకు, రాష్ట్ర జీవవైవిధ్య మండలి సభ్యులకు,

నమస్కారం.

2030 నాటికి నేల మీదా సముద్రంలోనూ 30 శాతం చోటును కాపాడాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం కూడా సరేనంది. 2024లో జాతీయ జీవవైవిధ్య ప్రణాళికను సవరించినప్పుడు ఆ లక్ష్యాన్ని అందులో రాసుకుంది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే తీరం పొడవునా పటాల మీద కొత్త గీతలు పడక తప్పదు. మన రాష్ట్రం వరకు ఆ గీతలు మీ బల్లల మీదే పడతాయి. పడిన తర్వాత ధర్నాలు చేసి, కోర్టుల చుట్టూ తిరిగేకంటే ముందుగానే నాలుగు మాటలు చెప్పుకోవడం మేలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఉత్తరాంధ్ర తీరంలో మత్స్యకార కుటుంబంలో పుట్టినవాణ్ని. చదువుకుని వేరే పనిలో ఉన్నా, మా ఇంట్లో ఇప్పటికీ పొయ్యి వెలిగేది వేట మీదే. సముద్రాన్ని కాపాడొద్దని చెప్పడానికి రాయడం లేదు. శ్రీకూర్మనాథుడికి మొక్కే ప్రాంతం మాది. వలలో తాబేలు చిక్కితే దండం పెట్టి వదిలిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగాను. కానాగంతలు, వంజరాలు, చందువాలు ఏటికేడాది చిన్నవై వస్తుంటే అందరికంటే ముందు కనబడేది మాకే. కాపాడాల్సిందే. కాకపోతే కాపాడే పద్ధతిలో ఒక పెద్ద వెలితి ఉంది.

మీరు సముద్రంలో కొంత మేర మూసేస్తే అక్కడ వేట ఆగుతుంది. పడవ ఆగదు. మర్నాడు తెల్లవారుజామున అదే పడవ, అదే వల, అదే మనుషులు ఇంకో చోటికి వెళ్తారు. ఆ ఇంకో చోటు ఎక్కడన్నది మీ నోటిఫికేషన్‌లో ఎక్కడా ఉండదు. ఎన్ని చదరపు కిలోమీటర్లు కాపాడామో రాస్తారు. ఆ మేర నుంచి లేచిన పడవలు ఎవరి నీళ్ల మీద వాలాయో రాయరు.

పడవ మీద ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడండి. మోటారు పెట్టిన ఫైబర్ బోటు అనుకోండి, ఐదారుగురు మనుషులు. రాత్రి రెండు మూడు గంటలకు ఒడ్డు మీద చేరతారు. గాలి ఎటు, నీళ్లు ఎటు లాగుతున్నాయి, నిన్న ఎవరికి ఏం పడింది, డబ్బాలో డీజిలు ఎంత, ఐసు ఎంతసేపు ఆగుతుంది. ఈ లెక్కంతా నోటిమీదే, పది నిమిషాల్లో తేలిపోతుంది. తర్వాత వచ్చేది చోటు సంగతి. మంచి చోట్లన్నీ తాతల నాటి నుంచి గుర్తులతో ఉన్నవే. ఒడ్డున ఫలానా కొండ కొమ్మూ గుడి గోపురమూ ఒకే వరుసలోకి వస్తే కింద రాయి ఉంటుంది, ఇన్ని బారల లోతు ఉంటుంది, ఫలానా నెలలో అక్కడ ఫలానా చేప ఉంటుంది. ఇప్పుడు జీపీఎస్ వచ్చినా ఆ రాయి జ్ఞాపకం మనుషుల్లోనే ఉంది. తెలియని చోట వల వేస్తే రాళ్లకు తగిలి చిరుగుతుంది. ఒక్క వల పోతే ఆ నెల సంపాదన పోయినట్టే.

వేట నుంచి వచ్చాక పంపకం ఉంటుంది. చేప అమ్మిన డబ్బులో ముందు డీజిలు, ఐసు, తిండి ఖర్చు తీస్తారు. తర్వాత బోటుకు, ఇంజనుకు, వలకు వాటాలు. మిగిలింది మనుషులకు. అంటే వేటచోటు రెండు గంటలు దూరమైతే పెరిగిన డీజిలు ఖర్చు ముందుగా కోసేది బోటు మీద కూలికి పనిచేసే కలాసీ వాటానే. బోటు యజమానికి నష్టం వస్తుంది, కలాసీకి చేతులు ఖాళీ అవుతాయి. మీ నివేదికల్లో 'ప్రత్యామ్నాయ వేట ప్రాంతాలు అందుబాటులో ఉన్నాయి' అని ఒక వాక్యం కనిపిస్తుంటుంది. ఉన్నాయి, నిజమే. అక్కడికి వెళ్లి రావడానికి అయ్యేది ఎవరి వాటాలోంచి పోతుందో కూడా పక్కనే రాయండి.

ఇక్కడితో అయిపోదు. ఒక ప్రాంతం మూస్తే అందరూ ఒకేలా జరగరు. పెద్ద బోట్లకు ఇంజను బలముంది, పది పదిహేను రోజులు సముద్రంలోనే ఉండగలవు. అవి జరిగి మధ్యరకం బోట్ల మేరలోకి వస్తాయి. మధ్యరకం బోట్లు ఒడ్డు వైపు జరిగి ఫైబర్ బోట్ల మేరలోకి వస్తాయి. ఫైబర్ బోట్లు తెప్పల దగ్గరికి వస్తాయి. తెప్ప మీదివాడు ఎటు జరగాలి? వాడి వెనక ఉన్నది ఇసుక. కట్ట కడితే నీరు పల్లం వెతుక్కున్నట్టు, గీత గీస్తే వేటంతా చివరికి బలహీనుడి నీళ్లలోకే చేరుతుంది. మన చట్టం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ వేటగాళ్లకే వదిలింది. ఆ 8 కిలోమీటర్లలో రాత్రిళ్లు ఎవరి లైట్లు కనిపిస్తున్నాయో తీరంలో ఏ ఊరి ముసలమ్మను అడిగినా చెబుతుంది. మామూలు రోజుల్లోనే ఆ హద్దు నిలవకపోతే, కొత్త అభయారణ్యం నుంచి తోసేసిన బోట్లు వచ్చి పడ్డప్పుడు ఎలా నిలుస్తుంది? 2022 జనవరిలో విశాఖ తీరంలో, చేపల గుంపును చుట్టేసే రింగువలల గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి. కొట్టుకున్నవాళ్లు పక్కపక్క పేటలవాళ్లు, ఇచ్చిపుచ్చుకునే బంధువులు. ఒకరి మేరలో ఒకరు పడితే ఏమవుతుందో మీరు ఎక్కడికో వెళ్లి చూడనక్కర్లేదు.

మన పక్కనే ఉన్న ఒడిశా తీరాన్ని మీరు తప్పకుండా చూసి రావాలి. 1997లో గహిర్‌మాథ దగ్గర 1,435 చదరపు కిలోమీటర్లను సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. దానికి తోడు ధామ్రా, దేవి, ఋషికుల్య నదులు సముద్రంలో కలిసే చోట్ల ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టే చోట్లు అవి. 2025లో ఒక్క ఋషికుల్య దగ్గరే దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అది చిన్న సంగతి కాదు. ఆ రక్షణ ఫలించిందని ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

అయితే ఆ ఋషికుల్య పక్కన, గంజాం జిల్లా తీరంలో, గోపాల్‌పూర్, పొడంపేట లాంటి ఊళ్లలో తెలుగు మాట్లాడే నోళియా మత్స్యకారులున్నారు. మన శ్రీకాకుళం జిల్లావాళ్లతో పెళ్లి సంబంధాలున్నవాళ్లు. అక్కడ నిషేధం మే 31న అయిపోతుందనుకుంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా ఇంజను బోట్లకు ఉన్న 61 రోజుల వేట విరామం వాటికి దాన్ని ఇంకో రెండు వారాలు లాగుతుంది. నవంబరు నుంచి జూన్ మధ్య వరకు, ఏడున్నర నెలలు. మిగిలిన నాలుగున్నర నెలల్లో సగం తుపానులే. ఏడున్నర నెలలు మనుషులు ఊరికే కూర్చోరు. పారాదీప్ వెళ్లి, వల ఈడ్చుకుపోయే పెద్ద బోట్లయిన ట్రాలర్ల మీద కూలికి ఎక్కుతారు, చెన్నై వెళ్తారు, అండమాన్ వెళ్తారు. సొంత పడవ మీద చిన్న వల వేసుకునేవాడు పెద్ద ట్రాలర్ మీద కలాసీ అవుతాడు. తాబేళ్లను ఎక్కువగా ముంచి చంపేది ట్రాల్ వలలూ చదునుగా ఉండే టేకు చేపల కోసం వేసే పెద్ద కన్ను వలలూ అని దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. తాబేలును కాపాడటానికి పెట్టిన నియమం, దానికి పెద్దగా హాని చేయని వాణ్ని తీసుకెళ్లి హాని చేసే బోటు మీద ఎక్కిస్తే ఎవరికి లాభం?

చోటు మారడం ఎంత దూరం పోతుందో మన జిల్లాలకు తెలుసు. అభయారణ్యం వల్ల కాకపోయినా, ఇక్కడి సముద్రం కూడు పెట్టక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్లెక్కుతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లను పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చేదాకా ఆ ఇళ్లల్లో పండగ లేదు. బతుకుతెరువు కోసం పడవ మనిషి దేశం ఆ చివరికి పోతాడు. పక్కనున్న గీత చూసి ఇంట్లో కూర్చుంటాడని అనుకోకండి.

బయటి దేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. 2001లో ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా, కాడ్ చేప గుడ్లు పెట్టే కాలమని, యూరోపియన్ యూనియన్ ఉత్తర సముద్రంలో పెద్ద మేరను మూసింది. అడుగును గీరుకుంటూ పోయే బీమ్ ట్రాలర్లు అప్పటిదాకా పెద్దగా వేట లేని మేరలకు వెళ్లి అక్కడి అడుగును దున్నేశాయి. ఏళ్ల తరబడి ఎవరూ కదిలించని సముద్రపు నేల అది. ఒక చేపకు రెండున్నర నెలలు ఊపిరి ఇవ్వబోయి, పక్కనున్న జీవాలకు అంతకంటే ఎక్కువ కాలం మానని దెబ్బ తగిలించారు.

పసిఫిక్‌లో కిరిబాటి అనే దీవుల దేశానిది ఇంకో రకం కథ. ఫీనిక్స్ దీవుల చుట్టూ 4 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న సముద్రాన్ని 2015 జనవరి 1 నుంచి వాణిజ్య వేటకు పూర్తిగా మూశారు. మూస్తారన్న కబురు ముందే అందరికీ చేరింది. ఉపగ్రహాల లెక్కలు తీసి చూసిన పరిశోధకులు, మూసే తేదీ లోపల అక్కడ వేట 130 శాతం పెరిగిందని తేల్చారు. రేపు మూస్తారంటే ఇవాళే ఊడ్చుకుపోతారు. మనుషులు ఎక్కడైనా మనుషులే. మీరు కూడా 'ప్రతిపాదిత ప్రాంతం' అని ఒక పటం బయటపెట్టి, తుది నోటిఫికేషన్‌కు రెండు మూడేళ్లు తీసుకుంటే, ఆ రెండు మూడేళ్లలో అక్కడ ఏం జరుగుతుందో ఊహించండి.

గీత పడ్డాక ఇంకోటి జరుగుతుంది. అమెరికా ఈశాన్య తీరంలో జార్జెస్ బ్యాంక్ దగ్గర 1994 డిసెంబరులో కొన్ని ప్రాంతాలను ఏడాది పొడవునా మూశారు. కొన్నేళ్లకు చూస్తే అక్కడి ట్రాల్ వేటలో దాదాపు 10 శాతం సరిహద్దుకు ఒక్క కిలోమీటరు లోపే జరుగుతోంది. 5 కిలోమీటర్ల లోపు లెక్కేస్తే నాలుగో వంతు. లోపల పెరిగిన చేప గీత దాటి బయటికి వస్తుందని పడవలకు తెలుసు, గీత పక్కనే కాచుకుంటాయి. దీన్ని నేరంగా చూడకండి. కాపాడిన చోటు వల్ల బయట వేట బాగుపడుతుందని మీరే కదా మాకు చెప్పేది. హవాయి వాయవ్యంలో 2016లో విస్తరించిన పాపహానౌమొకువాకియా రక్షిత ప్రాంతం సరిహద్దు దగ్గర ఎల్లోఫిన్ సూరచేప పట్టుబడి రేటు 54 శాతం పెరిగిందని 2022లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అంటే మీ మాట నిజమయ్యే వీలుంది. ఆ లాభం ఎవరి వలలో పడుతుందన్నదే ప్రశ్న. గీత పక్కన చోటు పట్టుకునేది పెద్ద బోట్లే అయితే, మేర పోగొట్టుకున్న చిన్న పడవకు లాభమూ దక్కదు. పైగా మా దగ్గర గీత పక్కన వేట చేయడమంటే ప్రాణభయం. సముద్రం మీద గీత కనిపించదు. గాలి కొట్టి, ఇంజను ఆగి, నీటి లాగుడికి పడవ అర కిలోమీటరు లోపలికి కొట్టుకుపోతే బోటు సీజు, వల సీజు, కేసు.

ఆడవాళ్ల సంగతి ఎవరి నివేదికలోనూ నాకు కనబడలేదు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. పడవలు వేట చోటు మార్చుకుంటే, చాలాసార్లు చేప దింపే చోటూ మారుతుంది. ఊరి ఒడ్డుకే వచ్చే పడవ దగ్గర వేలంపాట జరుగుతుంది. మా అత్తలు, పిన్నులు గంపలు పట్టుకుని నిలబడి, పదిమంది కలిసి ఒక పోగు పాడుకుని, పంచుకుని, నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అమ్ముతారు. డబ్బు సాయంత్రం ఇస్తామన్నా పడవవాడు ఒప్పుకుంటాడు, మేనల్లుడో మరిదో అవుతాడు కాబట్టి. మిగిలిపోయిన నెత్తళ్లు, కవళ్లు ఇసుకలో ఎండబెడితే వానాకాలానికి అదే ఆధారం. పడవ దూరం వెళ్లి, వచ్చేటప్పుడు దగ్గర్లోని పెద్ద హార్బరుకే వెళ్లి దింపిందనుకోండి. అక్కడ కమీషన్ వ్యాపారి, ఐసు పెట్టెలు, లారీ. రొక్కం ఉంటేనే చేప. అర్ధరాత్రి ఆటో కట్టించుకుని వెళ్లి, లారీ వ్యాపారితో పోటీపడి కొని, మళ్లీ ఆటోలో తెచ్చుకుని అమ్మితే గంపకు ఏం మిగులుతుంది? మెల్లగా గంప అటకెక్కుతుంది. ఆ ఇంట్లో పిల్లల చదువు నడిచింది ఆ గంప మీదే. వేట విరామానికి ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో 20,000 రూపాయలకు పెంచారు, సంతోషం. అది వేటకు వెళ్లే మగవాడి పేరున వస్తుంది. చేప దొరక్క కూర్చున్న అమ్మకందారు పేరు ఏ జాబితాలో ఉంటుంది?

మన రాష్ట్రంలో కోరంగి అభయారణ్యం 1978 నుంచే ఉంది, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఆ మడ అడవులు కాకినాడ తీరానికి ఎంత రక్షణో, రొయ్య పిల్లకూ పీత పిల్లకూ అవి ఎలాంటి పుట్టిల్లో అక్కడి వాళ్లకు మీరు చెప్పనక్కర్లేదు. భైరవపాలెం, బలుసుతిప్ప, గాడిమొగ లాంటి ఊళ్ల మనుషులు ఆ పాయల్లో పోటూపాటూ చూసుకుని బతుకుతున్నారు. నలభై ఏళ్లకు పైగా గడిచిన ఆ అనుభవం మీ చేతిలోనే ఉంది. అభయారణ్యం వచ్చాక ఏ ఊరివాళ్లు ఏ పాయ వదిలారు, ఎటు వెళ్లారు, ఎవరు కూలిపనికి మళ్లారు అన్నది ఆ ఊళ్లలో కూర్చుని రాసుకుంటే, కొత్త గీతలకు అంతకంటే మంచి పాఠం ఇంకెక్కడా దొరకదు.

ఒకసారి మా వైపు ఒక కార్యాలయంవాళ్లు తీరం పటం తెచ్చి రచ్చబండ దగ్గర పరిచారు. అంతా ఇంగ్లీషు, అక్షాంశ రేఖాంశాల అంకెలు. మా పెద్దవాళ్లు ఆ కాగితం మీద తమ రాయి ఎక్కడుందో వెతుక్కుంటుండగానే హాజరు పట్టీ మీద సంతకాలు తీసుకుని వెళ్లిపోయారు. తర్వాత ఆ సంతకాలు అంగీకారం కింద లెక్కయ్యాయి. ఇంకోసారి అలా చేయకండి.

నేను అడిగేవి చేయలేనివి కావు. గీత గీసేముందు కనీసం ఒక ఏడాది, అన్ని కాలాలూ కలిసేలా, ఏ ఊరి పడవ ఏ నెలలో ఏ వలతో ఎక్కడ వేటాడుతుందో పడవ నడిపే సరంగులతో కూర్చుని, వాళ్లు పిలుచుకునే పేర్లతోనే పటం తయారు చేయండి. ఆ పటం పక్కన రెండో పటం కూడా ఉండాలి: ఇది మూస్తే ఈ పడవలు ఎటు వెళ్తాయి, అక్కడ ఇప్పటికే ఎవరున్నారు. ఈ రెండో పటం లేని ప్రతిపాదన మీద సంతకం పెట్టకండి. ప్రతిపాదనకూ నోటిఫికేషన్‌కూ మధ్య ఆ మేరలో కొత్త బోట్లకు అనుమతులు ఆపండి. అన్నిటికంటే ముందు, 8 కిలోమీటర్ల హద్దును ఇవాళ్టి నుంచే నిలబెట్టండి. అది నిలవకుండా పెట్టే ఏ అభయారణ్యమైనా పేదవాడి నెత్తినే పడుతుంది.

అందరికీ ఒకే నిషేధం వద్దు. తాబేళ్ల కాలంలో టేకు వలను, ట్రాలును ఆపండి. గాలం వేసుకునేవాణ్ని, నెత్తళ్ల చిన్న వలవాణ్ని ఆపి ఏం సాధిస్తాం? ట్రాల్ వలకు తాబేలు తప్పించుకునే జాలీ బిగించమని ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. అది సరిగా జరగకే 2019 నుంచి మన సముద్రపు రొయ్యను అమెరికా కొనడం మానేసింది. బోటు రేవు దాటేముందు ఆ జాలీ ఉందో లేదో చూడటం మీ చేతిలో పని. సరిహద్దును కంటికి కనిపించేలా బోయాలతో, రాత్రిపూట వెలిగే దీపాలతో గుర్తించండి. గాలికి కొట్టుకుపోయి గీత దాటినవాడికీ, లైట్లార్పి దొంగతనంగా దూరినవాడికీ తేడా చూడండి. చేప పెరిగి బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో పెరిగిన డీజిలు ఖర్చుకు సాయం బోటు యజమానికే కాకుండా కలాసీకి, గంప ఎత్తుకునే ఆవిడకూ అందాలి. గీత లోపల తాబేళ్లను లెక్కపెట్టినంత శ్రద్ధగా, గీత బయట రేవుల్లో ఏం దిగుతోందో కూడా లెక్కపెట్టండి. అప్పుడే రక్షణ ఫలించిందా, భారం పక్కకు జరిగిందా తెలుస్తుంది.

చివరిగా ఒక విన్నపం. సంప్రదింపుల సమావేశం పెడితే కలెక్టరేట్‌లో కాకుండా రేవులోనే పెట్టండి. తేదీ కూడా చెబుతాను. జూన్ 1 నుంచి 14 మధ్య పెట్టండి. మన తీరంలో వేట విరామం అప్పటికింకా ఉంటుంది, పడమటి తీరంలోనూ జూన్ 1నే మొదలవుతుంది కాబట్టి వెరావల్ వెళ్లిన కుర్రాళ్లూ ఇళ్లకు చేరుతుంటారు. ఏడాదిలో మావాళ్లందరూ ఊళ్లో దొరికే రోజులు అవే. ఇంగ్లీషు పటం కాకుండా తీరం గీత ఒక్కటే ఉన్న ఖాళీ కాగితం తీసుకురండి. ఏ రాయి ఎక్కడుందో, ఏ నెలలో ఎవరెక్కడ ఉంటారో మావాళ్లే గీసి ఇస్తారు.

ఇట్లు,
ఉత్తరాంధ్ర తీరం నుంచి
ఒక మత్స్యకార కుటుంబీకుడు